తొమ్మిది వరుసలు, ఒక ఖాళీ

నా కుట్టుపెట్టె అడుగున ఒక తెల్ల చేతిరుమాలు ఉంది. దాని మీద అడ్డంగా తొమ్మిది వరుసల కుట్లు, వాటి కింద వేలెడు వెడల్పున ఖాళీ, ఆ ఖాళీ కింద నల్లదారంతో నిలువుగా వేసిన పొడవాటి కుట్లు ఉంటాయి. తెలియనివాళ్లు చూస్తే కుట్టు నేర్చుకుంటున్న చిన్నపిల్ల ఎవరో సాధన చేసిందనుకుంటారు. అది 2018 అక్టోబరులో అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ అనే పెద్దలోయ దక్షిణపు అంచున, ఒక రాతిగోడ మీద కూర్చుని మా అక్క కుట్టిన రుమాలు. దారాలు హోటల్ గదిలో సబ్బు పక్కన పెట్టిన, అరచేతిలో ఇమిడే కుట్టు పొట్లంలోవి: తెలుపు, నలుపు, బూడిద, గోధుమ, ఎరుపు, నీలం. అందులో ఆకుపచ్చ లేదు. లోయ గోడలోని ఒక్కో రాతిపొరకు ఒక్కో వరుస కుడుతూ పచ్చని పొర వంతు వచ్చేసరికి అక్క నీలాన్నీ గోధుమనూ కలిపి ఒకే సూదికి ఎక్కించి, దూరం నుంచి చూస్తే పచ్చగానే ఉంటుందిలే అంది. ఇప్పటికీ ఆ రుమాలును చేయిచాచి పట్టుకుని చూస్తే ఆ వరుస పచ్చగానే కనిపిస్తుంది.

ఆ రుమాలే తరువాత 90 సెంటీమీటర్ల వెడల్పు, 140 సెంటీమీటర్ల పొడవు గల ఆర్ట్ క్విల్టుగా, అంటే గోడకు వేలాడదీసే బొంతగా మారింది. దాన్ని పూర్తిచేయడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. దాని గురించి రాయాలని చాలాసార్లు అనుకున్నాను కానీ, రాయాలంటే ముందు ఆ ప్రయాణం గురించి, అంతకుముందు మా ఇద్దరి మధ్య గడిచిన కాలం గురించి చెప్పాలి కాబట్టి వాయిదా వేస్తూ వచ్చాను.

అక్కా నేనూ పదకొండేళ్ల పాటు మాట్లాడుకోలేదు. కారణం ఇక్కడ రాయను. ఇప్పుడు రాస్తే అది ఉన్నదానికన్నా పెద్దదిగానో చిన్నదిగానో కనిపిస్తుంది, ఆ రెండూ నిజం కావు. ఒక సాయంత్రం ఫోను మోగింది. కుశల ప్రశ్నలేవీ లేకుండా, నిన్న ఆపిన మాటను ఈ రోజు అందుకున్నట్లుగా, "నాకు ఆ పెద్దలోయ చూడాలని ఉంది. ఒక్కదాన్నే వెళ్లాలని లేదు. వస్తావా?" అని అడిగింది. వస్తానన్నాను. బావగారు, పిల్లలు ఎవరూ లేకుండా మేమిద్దరమే మూడు రోజులు వెళ్లాం.

మొదటి తెల్లవారుజామున మేము మాథర్ పాయింట్ దగ్గర నిలబడ్డాం. సముద్రమట్టానికి 2,100 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఆ అంచు మీద అక్టోబరు చలి గట్టిగానే ఉంటుంది. ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లు, కొన్నిచోట్ల వెడల్పు 29 కిలోమీటర్లు, అత్యంత లోతైనచోట 1,600 మీటర్లు దాటుతుందని చదువుకునే వెళ్లాను. చీకట్లో అవన్నీ అంకెలుగానే ఉన్నాయి. సూర్యుడు రాగానే నన్ను పట్టుకున్నది లోతు కాదు, చారలు. ఎదుటి గోడ మీద ఎంతదూరం చూపు సాగితే అంతదూరం అవే చారలు, అదే వరుసలో, ఒక శిఖరం దగ్గర ఆగి మరో శిఖరం దగ్గర అదే ఎత్తున మళ్లీ మొదలవుతూ కనిపించాయి. అక్క చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "బీరువాలో మడతలు పెట్టిన బట్టలు ఇలాగే ఉంటాయి కదే" అంది. పదకొండేళ్ల తరువాత ఆమె నోట 'కదే' అన్న ఆ మాట వినడం నాకు ఎదుటి లోయకన్నా పెద్ద సంగతిగా తోచింది.

ఆ రోజే మధ్యాహ్నం ఆమె రుమాలు తీసింది. నేను పుస్తకం చూసి పై నుంచి కిందికి పొరల పేర్లు చదువుతుంటే ఆమె ఒక్కో పేరుకు ఒక్కో వరుస కుట్టింది. అన్నిటికన్నా పైన లేతరంగు కైబాబ్ సున్నపురాయి, దాని వయసు దాదాపు 27 కోట్ల సంవత్సరాలు. దాని కింద టోరోవీప్, ఆ కింద ఒకప్పటి ఎడారి ఇసుకదిబ్బలు గట్టిపడి రాయిగా మారిన కోకోనినో ఇసుకరాయి. ఆ తరువాత ఎర్రని హెర్మిట్, మెట్లుమెట్లుగా దిగే సూపాయి, నిటారుగా నిలిచిన రెడ్‌వాల్, మూవ్, పచ్చఛాయ గల బ్రైట్ ఏంజెల్ పొర, గోధుమరంగు టేపీట్స్ ఇసుకరాయి. అక్కడికి తొమ్మిది. టేపీట్స్ వయసు సుమారు 50 కోట్ల సంవత్సరాలు. దాని కింద, లోయ అడుగున పారే కొలరాడో నది ఒడ్డు దాకా నల్లగా, చారలు అడ్డంగా కాక నిలువుగా ఉన్న రాయి విష్ణు షిస్ట్. 1880లలో ఆ ప్రాంతాన్ని పరిశీలించిన భూగర్భశాస్త్రవేత్త క్లారెన్స్ డటన్ అక్కడి ఒక శిఖరానికి విష్ణు ఆలయం అని పేరు పెట్టాడు, రాతికి కూడా ఆ పేరే వచ్చింది. దాని వయసు సుమారు 170 కోట్ల సంవత్సరాలు.

"యాభై కోట్ల కింద నూట డెబ్బై కోట్లా? మధ్యలోవి ఏవి?" అని అక్క సూది ఆపింది.

మధ్యలోవి లేవు. ఆ కాలంలో కొండలు లేచి, అరిగి, కొట్టుకుపోయాయి. అరిగిన ఆ నేల మీదికి సముద్రం వచ్చి ఇసుక పరిచింది. లోయలో కొన్నిచోట్ల ఆ మధ్యకాలపు రాళ్లు ఏటవాలు పొరలుగా మిగిలాయి కానీ, చాలాచోట్ల పైరాయి నేరుగా అడుగురాతి మీద కూర్చుని ఉంటుంది. 1869లో పడవల మీద ఆ నది వెంట సాగిన జాన్ వెస్లీ పావెల్ బృందపు ప్రయాణం నాటికే ఈ లోపం గమనింపులోకి వచ్చింది. భూగర్భశాస్త్రంలో దాన్ని గ్రేట్ అన్‌కన్‌ఫార్మిటీ అంటారు. నేను ఇదంతా చదివి వినిపించాక అక్క కాసేపు ఆలోచించి, వేలెడు మేర ఏమీ కుట్టకుండా వదిలేసి, నల్లదారం ఎక్కించుకుంది.

మరునాడు అంచు వెంట వేసిన ట్రెయిల్ ఆఫ్ టైమ్ అనే కాలిబాటలో నడిచాం. అక్కడ ఒక్కో మీటరును పది లక్షల సంవత్సరాలుగా లెక్కగట్టి నేల మీద గుర్తులు పెట్టారు. ఏ వయసు దగ్గర ఆ వయసు రాతిని, తాకి చూడటానికి వీలుగా, దారి పక్కన నిలబెట్టారు. అక్క ప్రతి రాతినీ అరచేత్తో నిమిరింది. టేపీట్స్ దగ్గర నుంచి విష్ణు దాకా దాదాపు 1,200 మీటర్లు. ఆ దూరంలోనూ అక్కడక్కడా మిగిలిన ఏటవాలు పొరల రాళ్లు ఉన్నాయి గానీ, నా మనసులో మాత్రం అది లేని కాలం గుండా సాగిన నడకే. ఆ పావుగంట నడకలో మేమిద్దరం ఒక్కమాట మాట్లాడుకోలేదు. అడగవలసినవి, చెప్పవలసినవి ఎన్నో ఉన్నాయి. ఆమె పిల్లలు పెద్దవాళ్లవడం నేను చూడలేదు, నేను పడిన జబ్బు ఆమెకు తెలియదు. విష్ణు రాయి దగ్గరికి వచ్చాక అక్క దాని మీద చేయి పెట్టి, "ఇది చల్లగా ఉంది" అంది. అవునన్నాను. అంతటితో ఆ సంభాషణ ముగిసింది. ఆ లోటును మాటలతో పూడ్చాలని ఇద్దరిలో ఎవరం ప్రయత్నించలేదు. అందుకు నేను ఈనాటికీ సంతోషిస్తున్నాను.

మూడోరోజు బ్రైట్ ఏంజెల్ బాటలో ఒకటిన్నర మైళ్ల దూరంలో ఉన్న మొదటి విశ్రాంతి గృహం వరకు దిగాం. దిగడం తేలిక, ఎక్కడానికి రెండింతల సమయం పడుతుంది. అక్క మోకాళ్ల వల్ల ఇంకా ఎక్కువే పట్టింది. దారిలో కోకోనినో రాతి మీద ఏటవాలుగా సాగే సన్నని గీతలను దగ్గర నుంచి చూశాం. అవి గాలికి కదిలిన ఇసుకదిబ్బల వాలులు. గాలి ఏ దిక్కు నుంచి వీచిందో ఆ గీతల వాలును బట్టి చెప్పవచ్చట. ఆ వాలును నేను నోటుపుస్తకంలో పెన్సిలుతో గీసుకున్నాను. అది జాతీయ ఉద్యానవనం కాబట్టి అక్కడి నుంచి గులకరాయి కూడా తీసుకురాకూడదు. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో విడిపోయేటప్పుడు అక్క రుమాలును మడిచి నా చేతిలో పెట్టి, "దీన్ని నువ్వు పెద్దది చెయ్యి" అంది.

నాకు సూదిలో దారం ఎక్కించడం నేర్పింది అక్కే. అయితే అప్పటివరకు నేను కుట్టినవన్నీ కప్పుకునే బొంతలు: పైగుడ్డ, మధ్యన దూది పొర, అడుగున అస్తరు, మూడింటినీ కలిపి పట్టే కుట్లు. ఆర్ట్ క్విల్టు నిర్మాణం కూడా అదే, కాకపోతే అది గోడ మీద నిలబడి చూపును పిలవాలి. 1971లో జొనాథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాన్ డెర్ హూఫ్ తాము సేకరించిన పాత క్విల్టులను న్యూయార్కులోని విట్నీ మ్యూజియం గోడల మీద చిత్రాల్లా వేలాడదీసి చూపించారు. 1979లో ఒహాయో రాష్ట్రంలో క్విల్ట్ నేషనల్ ప్రదర్శన మొదలైంది. 1989లో ఈ కళాకారుల సంఘం ఒకటి ఏర్పడింది. ఇవన్నీ నాకు ఉపయోగపడిన సంగతులే కానీ, నిజంగా ధైర్యమిచ్చింది మాత్రం హారియెట్ పవర్స్. ఆమె 1837లో జార్జియాలో బానిసగా పుట్టింది. 1890లలో ఆమె కుట్టిన పదిహేను గళ్ల క్విల్టు బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ఉంది. అందులో బైబిలు కథలతో పాటు 1780లో పట్టపగలే చీకటి కమ్మిన రోజు, 1833లో ఆకాశం నుంచి ఉల్కలు వానలా రాలిన రాత్రి ఉన్నాయి. రెండూ ఆమె పుట్టకముందు జరిగినవే. విన్నదాన్ని గుడ్డముక్కలతో అంత నమ్మకంగా చెప్పిన ఆమెను తలచుకుంటే, కోట్ల ఏళ్ల నాటి సముద్రాన్నీ ఎడారినీ కుట్టబోవడం మరీ సాహసమేమీ కాదనిపించింది.

మొదట ఫొటో చూసి కుట్టాలనుకున్నాను. ఎదుటి శిఖరాలు, నీడలు, దూరపు నీలిమంచు అన్నీ గీసి, మంచు కోసం పల్చని ఆర్గంజా గుడ్డ కూడా పరిచి చూశాను. అందంగానే ఉంది కానీ అది నాకు తెలియని ఎవరి ప్రయాణమో అయిపోయింది. దాన్ని పక్కన పెట్టి రుమాలును గోడకు గుచ్చుకున్నాను. శిఖరాలు వద్దు, ఆకాశం వద్దు, నిలువునా కోసిన ముక్కలా పొరలు మాత్రమే ఉండాలని నిర్ణయించుకున్నాను. మేము నిలబడిన అంచు నుంచి నది దాకా లోతు దాదాపు 1,400 మీటర్లు. పది మీటర్లకు ఒక సెంటీమీటరు చొప్పున 140 సెంటీమీటర్లు వచ్చింది. ఈ లెక్కలో రెడ్‌వాల్‌కు సుమారు 15 సెంటీమీటర్లు, అడుగున విష్ణుకు ముప్పై సెంటీమీటర్లకు పైగా దక్కాయి.

గుడ్డలు ఎంచుకోవడంలో నాకు కలిగిన ఆనందం ఎంత చెప్పినా తక్కువే. కైబాబ్‌కు ముతక నేత గల, చలువ చేయని నూలుగుడ్డ. సూపాయికి ఎరుపులో ఆరు ఛాయల సన్నని పీలికలు, కత్తెరతో కాక చేత్తో చింపినవి. చింపిన అంచు పోగులు పోగులుగా ఉండి రాతి అంచులా కనిపిస్తుంది. హెర్మిట్ మెత్తని రాయి, అరిగి వాలుగా జారుతుంది కాబట్టి దానికి వదులు నేత గుడ్డ తీసుకుని, పేకలోని పోగులు కొన్ని లాగేశాను. రంగులన్నీ నేనే అద్దుకున్నాను. నూలుకు రియాక్టివ్ రంగులు సోడా నీళ్లలో, వేడి చేయనక్కర లేకుండానే పడతాయి. తడిపిన గుడ్డను ఒక రోజంతా కప్పి ఉంచితే చాలు. రంగుపొడి గాలిలోకి లేస్తుంది కాబట్టి ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు తప్పనిసరి.

ఇక రెడ్‌వాల్ దగ్గర ఆగిపోయాను. ఎనిమిదిసార్లు ఎరుపు అద్దాను. ఇటుక ఎరుపు వచ్చింది, దానిమ్మ ఎరుపు వచ్చింది, రాగి ఎరుపు వచ్చింది. ఏది పెట్టినా గోడ నిలబడలేదు, రంగు వేసిన అట్టలా తేలిపోయింది. చివరికి ఆ రాయి గురించి మళ్లీ చదివితే అసలు సంగతి కళ్లపడింది. పేరులో ఎరుపు ఉన్నా ఆ సున్నపురాయి అసలు రంగు బూడిద. పైనున్న హెర్మిట్, సూపాయి పొరల్లోని ఇనుము తుప్పు వాననీటితో కలిసి కిందికి కారి, ఆ బూడిద గోడకు ఎర్రని పూత పూసింది. ఎక్కడైనా కొత్తగా పెచ్చు ఊడితే లోపలి బూడిదరంగు బయటపడుతుంది. ఆ మాట చదివిన రోజు నేను కుట్టు మిషను మూసేసి అక్కకు ఫోను చేశాను. అంత సంతోషం నాకు ఈ పని మొత్తంలో మరెప్పుడూ కలగలేదు. అది ఎర్రరాయి కాదట అక్కా అంటే, "మరి మనం చూసిందేమిటి?" అంది. పైవాళ్ల రంగు అన్నాను.

కాబట్టి నేను కూడా తుప్పుతోనే రంగు వేయాలి. గుడ్డను తుప్పుపట్టిన ఇనుముకు చుట్టి, వెనిగరు కలిపిన నీళ్లతో తడుపుతూ తడి ఆరకుండా ఉంచితే, వెనిగరులో కరిగిన ఇనుము గాలి తగిలి మళ్లీ తుప్పుగా మారి పోగుల్లోనే నిలిచిపోతుంది. ఇది చాలామంది చేసేదే. నేను మొదట అలాగే పాత గొలుసుకు చుట్టాను. మచ్చలు, వలయాలు బ్రహ్మాండంగా పడ్డాయి కానీ ఏ కోణంలో చూసినా అది కొండగోడ కాలేదు. అప్పుడు చుట్టడం మానేసి, ముందుగా బూడిదరంగు అద్దిన గుడ్డను తీగకు నిలువుగా వేలాడదీసి, దాని పై అంచున తుప్పుపట్టిన ఇనుప పట్టీని బిగించాను. రోజుకు నాలుగైదు సార్లు పై నుంచి వెనిగరు నీళ్లు చిలకరించాను. మూడోరోజుకు ఎరుపు కిందికి దిగడం మొదలైంది. ఒకచోట ధారగా, ఒకచోట పల్చగా, ఒకచోట అసలే తాకకుండా, నా చేతి ప్రమేయం లేకుండా అది తన దారిన తాను కారింది. ఆరోరోజున గుడ్డను ఉప్పునీళ్లలో నానబెట్టి, వంటసోడా నీళ్లతో పులుపు విరిచి, ఉతికి ఆరవేశాక చూస్తే నాకు మాట రాలేదు. రాతిగోడ మీద జరిగినది చిన్న ఎత్తున నా గుడ్డ మీద జరిగింది. తుప్పు కాలక్రమంలో నూలును తినేస్తుందనీ, ఆ గుడ్డ మిగతావాటికన్నా ముందుగా చీకుతుందనీ తెలుసు. తెలిసే వాడాను. తుప్పురజను వల్ల సూదులు త్వరగా మొద్దుబారాయి, ఆ ఒక్క పొరకే పదకొండు సూదులు మార్చాను.

ఆ ఇనుప నీళ్లు కొంచెం మిగిలాయి. చిక్కని టీ డికాషనులో ముంచి ఆరబెట్టిన పట్టుగుడ్డ ముక్క మీద ఆ నీళ్లు పోస్తే, టీలోని టానిన్‌తో ఇనుము కలిసి చూస్తుండగానే నల్లబడింది. పూర్వం రాతసిరా తయారైంది కూడా ఈ కలయికతోనే. అలా విష్ణుకు కావలసిన నలుపు కూడా అదే ఇనుము నుంచి వచ్చింది. ఆ నల్లగుడ్డను పడుగు నిలువుగా ఉండేలా పెట్టాను, పైపొరలన్నిటిలో పడుగు అడ్డంగా ఉంటుంది. ఈ తేడా కళ్లకు తెలియకపోవచ్చు గానీ వెలుగు పక్క నుంచి పడితే గుడ్డలు రెండూ వేర్వేరుగా మెరుస్తాయి. నల్లరాతిలో గులాబిరంగు గ్రానైటు ఈనెలు పాకి ఉంటాయి. వాటిని చేత్తో, సన్నని కాడకుట్టుతో కుట్టాను.

మిగిలింది ఆ ఖాళీ. రుమాలులో అక్క వదిలినట్లే టేపీట్స్‌కు, విష్ణుకు మధ్య వేలెడు తెల్లగుడ్డ పెట్టి చూశాను. అది మంచు పేరుకున్న దారిలా కనిపించింది, కళ్లు తిన్నగా అక్కడికే పోయాయి. లేనిదాన్ని చూపించబోయి దానికి ఒక రూపం ఇచ్చేశాను. దాన్ని విప్పి బూడిదగుడ్డ పెట్టాను, వలగుడ్డ పెట్టాను, రంధ్రాలు కూడా చేసి చూశాను. అన్నీ విప్పేశాను. నెల రోజులు ఆ రెండు ముక్కలూ బల్ల మీద విడివిడిగా పడి ఉన్నాయి. ఒకరోజు నా ఫొటోల్లో లోయ అడుగుభాగాన్ని పెద్దది చేసి చూస్తుంటే, అక్కడ ఖాళీ ఏదీ లేదని తట్టింది. పైరాయి అడుగురాతిని అంటుకునే ఉంది, కత్తి అంచు దూరనంత దగ్గరగా. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నూట ఇరవై కోట్ల ఏళ్లు ఒక గీతలో ఉన్నాయి.

గుడ్డలో అటువంటి గీత ఒక్కటే, అతుకు. మిగతా పొరలన్నిటినీ చింపిన అంచులతో ఒకదాని మీద ఒకటి పరిచి కుట్టాను గానీ, ఇక్కడ మాత్రం రెండు గుడ్డలను ఎదురెదురుగా పెట్టి లోపలివైపు కుట్టి తిప్పాను. అలా కుట్టినప్పుడు కుట్టుకు అవతల కొంత గుడ్డ వెనకవైపు దాగిపోతుంది. మామూలుగా ఆ దాపుడు గుడ్డ 6 మిల్లీమీటర్లు ఉంటే చాలు, మిగిలినది కత్తిరించి పారేస్తారు. నేను రెండు గుడ్డలనూ చాలా ఎక్కువగా తీసుకున్నాను. కత్తెర పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి 11 సెంటీమీటర్లు ఉంచి తక్కినది కత్తిరించాను. ఉంచినదాన్ని మడతలు వేసి, అతుకు వెనకే పొడవునా అణిచి, కచ్చా కుట్లతో పట్టి ఉంచాను. దూది పొర, అస్తరు దాని మీద పరుచుకున్నాక ముందువైపు నుంచి చూస్తే సన్నని గీత మాత్రమే కనిపిస్తుంది. మిషను ఆ మందం దాటలేక రెండుసార్లు సూది విరిగింది. ఆ మేరకు దళసరి సూదితో చేత్తోనే కుట్టుకున్నాను.

క్విల్టింగు గురించి ఒక్క సంగతి చెప్పాలి. కుట్లు దగ్గరదగ్గరగా పడినచోట గుడ్డ అణిగిపోతుంది, కుట్లు తక్కువగా ఉన్నచోట దూది ఉబ్బి పైకి లేస్తుంది. లోయలో గట్టిరాళ్లు గోడలుగా నిలబడి, మెత్తని రాళ్లు వాలుగా జారుతాయి కాబట్టి, గోడలకు తక్కువ కుట్లు, వాలులకు ఎక్కువ కుట్లు వేశాను. కోకోనినోలో నోటుపుస్తకంలోని ఆ వాలు గీతలనే అచ్చంగా దించాను. తీరా అంతా కుట్టి నేల మీద పరిస్తే క్విల్టు అలలు అలలుగా లేచింది. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కుడితే గుడ్డ అసమానంగా ముడుచుకుంటుందని తెలిసీ నేను తగినంత జాగ్రత్త పడలేదు. తడిపి, అంచులు లాగి, పలకకు గుండుసూదులతో బిగించి ఆరనివ్వడమొక్కటే దారి. నల్లగుడ్డలోని రంగు పైకి పాకుతుందేమోనన్న భయంతో ముందు ఒక మూల తడిపి, తెల్లగుడ్డ అద్ది చూసి, తరువాతే మొత్తం తడిపాను. రెండు పగళ్లు, రెండు రాత్రులు దాని పక్కనే తిరిగాను. ఆరాక తిన్నగా వచ్చింది, ఎడమ అంచున ఒక చిన్న అల మాత్రం మిగిలింది. అది ఈనాటికీ ఉంది.

అట్టడుగున నది, ఒకే ఒక్క దారం. దాని రంగు గురించి అక్కకూ నాకూ ఆ అంచు మీదే వాదన జరిగింది. బైనాక్యులర్స్‌లో చూసి నేను పచ్చగా ఉందన్నాను, అక్క గోధుమరంగన్నది. కొలరాడో అన్న స్పానిష్ మాటకు ఎర్రబారినది అని అర్థం. 1963లో ఎగువన గ్లెన్ కాన్యన్ ఆనకట్ట మూసినప్పటి నుంచి ఒండ్రు అక్కడే ఆగిపోయి నది చాలారోజులు పచ్చగా పారుతుంది, వాన పడి ఉపనదులు బురద తెచ్చినప్పుడు మళ్లీ గోధుమరంగుకు తిరుగుతుంది. కాబట్టి మాలో ఎవరూ తప్పు కాదు. రెండు రంగుల దారాలూ నెలల తరబడి పలక మీద పక్కపక్కన గుచ్చి ఉంచాను.

క్విల్టు పూర్తయిన మరుసటి నెల అక్క వచ్చింది. నేను ఏమీ చెప్పలేదు. సాయంత్రపు వెలుగు కిటికీలోంచి పక్కవాటుగా పడి గోడలు లేచి, వాలులు అణిగి ఉన్న వేళ, ఆమె చేతిసంచీ కూడా దించకుండా దాని ఎదుట నిలబడింది. పై నుంచి వేలితో వరుసలు లెక్కపెట్టుకుంటూ తొమ్మిదికి వచ్చి ఆగింది.

"నేను వదిలిన ఖాళీ ఏదే?"

"అక్కడ ఖాళీ లేదు కదక్కా. రాళ్లు అంటుకునే ఉన్నాయి."

ఆమె అరచేతిని ఆ గీత మీద పెట్టి, కాలిబాటలో రాళ్లను నిమిరినట్లే, ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా నిమిరింది. మధ్యలో చేయి ఆగింది.

"ఇక్కడ దళసరిగా ఉందేం?"

"లోపల గుడ్డ ఉంది. కత్తిరించలేదు."

"ఎంత?"

"పదకొండు సెంటీమీటర్లు."

అక్క చాలాసేపు చేయి తీయలేదు. తరువాత సంచీలోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, గోడ పట్టుకుని జాగ్రత్తగా మోకాళ్ల మీద కూర్చుని, అడుగున ఉన్న దారాన్ని దగ్గర నుంచి చూసింది. నీలమూ గోధుమా కలిపి ఒకే సూదికి ఎక్కించి కుట్టిన ఆ ఒక్క వరుసను గుర్తుపట్టి, తలెత్తి నావైపు చూసి, "దూరం నుంచి చూస్తే పచ్చగానే ఉందిలే" అంది.